సామీల ఒంట్లో సీజియం చేరింది నిజం, క్యాన్సర్ లెక్క వేరు

సంపాదకులకు నమస్కారం.

ఉత్తర ఐరోపా ఆదివాసులైన సామీల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాం. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల ఉత్తర భాగాల్లోనూ రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ బతికే ఈ జనం గురించి తెలుగులో అంత చోటు ఇవ్వడమే అరుదు. అందుకు కృతజ్ఞతలు. అయితే వ్యాసమంతా ఒక్క మాట మీద నిలబడింది: అణుధూళి చేరిన మాంసం తిని సామీలు క్యాన్సర్‌తో రాలిపోతున్నారని. ఆ మాటకు ఆధారం లేదు. ధూళి పడింది, అందులోని సీజియం అనే రేడియోధార్మిక మూలకం లైకెన్‌లో (రాతిపువ్వు లాంటి జీవి) చేరింది, దాన్ని మేసే రెయిన్‌డీర్ (సామీలు మేపుకునే మంచుప్రాంతపు దుప్పి) మాంసం ద్వారా మనుషుల కండరాల్లోకి వచ్చింది. ఇదంతా అరవై ఏళ్లుగా కొలిచి రాసిపెట్టిన సంగతి. క్యాన్సర్ రిజిస్టర్లు తెరిస్తే మాత్రం కనబడేది ఇంకొకటి. ఉత్తరం కాస్త పొడవైంది. కుదించాల్సి వస్తే ఏమైనా కోయండి, లెక్కలు మాత్రం ఉంచండి.

ముందు ఒక గందరగోళం తీరాలి. సామీల నేల మీద అణుధూళి రెండుసార్లు పడింది, రెండుసార్లూ ఒకే చోట పడలేదు.

మొదటిది బాంబు పరీక్షల ధూళి. సోవియట్ యూనియన్ 1955 నుంచి 1962 దాకా ఆర్కిటిక్‌లోని నోవయా జెమ్ల్యా దీవుల్లో ఎక్కువగా గాలిలోనే బాంబులు పేల్చింది. 1961 అక్టోబరు 30న అక్కడ పేలిన 50 మెగాటన్నుల బాంబును మించింది ఇప్పటికీ లేదు. అమెరికా, బ్రిటన్ పరీక్షల ధూళి కూడా దీనికి తోడై, పై వాతావరణంలో నిలవ ఉండి, వానలతో మంచుతో ఏళ్ల తరబడి దిగుతూ వచ్చింది. గాలిలో పరీక్షలను నిషేధించే ఒప్పందం 1963లో కుదిరినా, ఫిన్లాండ్‌లోని ఇనారిలో, నార్వేలోని కౌటొకైనోలో మనుషుల ఒంట్లో సీజియం గరిష్ఠానికి చేరింది ఆ తర్వాతే, 1960ల నడుమ. పైనున్న నిలవ కిందికి దిగడానికి, దిగింది లైకెన్‌లో పోగుపడడానికి, ఆ లైకెన్ మాంసంగా మారడానికి అంత సమయం పట్టింది.

రెండోది చెర్నోబిల్, అప్పటి సోవియట్ ఉక్రెయిన్‌లోని అణువిద్యుత్ కేంద్రం. 1986 ఏప్రిల్ 26న రియాక్టరు పేలింది. రెండు రోజుల తర్వాత స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగుల బూట్లకు అంటిన ధూళితో బయటి ప్రపంచానికి సంగతి తెలిసింది. మేఘం పోయే దారిలో ఎక్కడ వాన కురిస్తే అక్కడే ధూళి నేలకు దిగుతుంది. ఆ వారం వాన కురిసింది మధ్య స్వీడన్, మధ్య నార్వేల్లో. దెబ్బ తగిలింది దక్షిణ సామీలకు: స్వీడన్‌లో యెమ్‌ట్లాండ్, వెస్టర్‌బొటన్ దక్షిణ భాగం, నార్వేలో స్నోసా చుట్టుపక్కల మేపుకునే కుటుంబాలకు. బాంబు ధూళి కాలంలో అందరి కళ్లూ పడిన కౌటొకైనో, ఇనారి ప్రాంతాలకు చెర్నోబిల్ వాటా తక్కువే.

మీ వ్యాసం కౌటొకైనో మనుషుల్లో 1960ల్లో దొరికిన సీజియాన్ని చెర్నోబిల్ ఖాతాలో వేసింది. అప్పటికి ఆ కేంద్రానికి పునాది కూడా పడలేదు. ఏ ధూళి ఏ మూలానిదో తేల్చడం ప్రయోగశాలలో పెద్ద కష్టం కాదు. సీజియం-137 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 30 ఏళ్లు, సీజియం-134ది రెండేళ్లు. చెర్నోబిల్ ధూళిలో 134 ఒక పాలుంటే 137 సుమారు రెండు పాళ్లుంది. బాంబు ధూళిలో 134 లేనట్టే. ధూళి వెలువరించే గామా కిరణాల వర్ణపటంలో 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గీత ఒక్కటే ఉంటే పాత సరుకు, పక్కన 605, 796 గీతలు కూడా లేస్తే రియాక్టరు సరుకు. పదేళ్లు గడిచాక ఈ తేడా మాసిపోతుంది, అందుకే తొలి ఏళ్ల కొలతలకు అంత విలువ.

ఇక లైకెన్ సంగతి. మనం రాతిపువ్వు అనేది ఏ కోవకు చెందిందో రెయిన్‌డీర్ మేసేదీ ఆ కోవకు చెందినదే: శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవి. దానికి వేళ్లు లేవు. కావలసిన పోషకాలను వానలోంచీ గాలిలోంచీ ఒళ్లంతా నోరు చేసుకుని పీల్చుకుంటుంది. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది, పీల్చుకున్నది ఏళ్ల తరబడి దాచుకుంటుంది. గడ్డి మీద పడిన సీజియం చాలావరకు నేలలోకి దిగి, బంకమన్ను రేణువులకు అతుక్కుని, మొక్కకు అందకుండా పోతుంది. లైకెన్ మీద పడిన సీజియానికి అలా పోయే దారి లేదు. చలికాలంలో మంచును గిట్టలతో తవ్వి రెయిన్‌డీర్ తినేది ప్రధానంగా ఇదే. వేసవిలో గడ్డి, ఆకులు మేస్తుంది కాబట్టి మాంసంలో సీజియం బాగా తగ్గుతుంది, చలికాలంలో మళ్లీ కొన్ని రెట్లు పెరుగుతుంది. శరదృతువులో పుట్టగొడుగులు విరగ్గాస్తే ఆ పెరుగుదల ముందే మొదలవుతుంది, ఎందుకంటే అడవి పుట్టగొడుగులు సీజియాన్ని లాగడంలో గట్టివి. అంటే ఒకే మంద, ఒకే ఏడాది, సెప్టెంబరులో కోస్తే ఒక అంకె, ఫిబ్రవరిలో కోస్తే దానికి కొన్ని రెట్ల అంకె. "రెయిన్‌డీర్ మాంసంలో ఇంత సీజియం ఉంది" అని రాసేటప్పుడు ఏ నెలలో కోశారో రాయకపోతే ఆ అంకెతో ఎవరికీ పని లేదు.

పొటాషియానికి సీజియం రసాయన బంధువు. ఒంట్లోకి వెళ్లాక పొటాషియం దారినే పోతుంది: కండరాల్లో పరుచుకుంటుంది, మూత్రం ద్వారా బయటికి పోతుంది. రెయిన్‌డీర్ ఒంట్లో సుమారు మూడు వారాలకు సగమవుతుంది, పెద్దవాళ్ల ఒంట్లో సుమారు వంద రోజులకు. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకుంటే మిగతా లెక్కలన్నీ కాగితం మీద వేసుకోవచ్చు.

వేసి చూద్దాం. రెయిన్‌డీర్ మేపుకునే మనిషి ఏడాదికి 50 కిలోల మాంసం తిన్నాడనుకుందాం. కిలోకు 1,500 బెక్వెరెల్ (రేడియోధార్మికతకు కొలత) చొప్పున ఏడాదికి 75,000 బెక్వెరెల్, రోజుకు సుమారు 205. వంద రోజుల అర్ధకాలం ప్రకారం ఒంట్లో నిలిచే మొత్తం రోజువారీ రాకకు 144 రెట్లు ఉంటుంది, అంటే దాదాపు 30,000 బెక్వెరెల్. 70 కిలోల మనిషిలో కిలోకు 420. ఒంట్లో కిలోకు ఒక బెక్వెరెల్ ఏడాది పొడవునా నిలిస్తే మోతాదు సుమారు 2.5 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత సీవర్ట్, వెయ్యి మైక్రోసీవర్ట్‌లు ఒక మిల్లీసీవర్ట్). ఆ లెక్కన ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్. తిన్న వైపు నుంచి వేసినా అంతే వస్తుంది: సీజియం-137 ఒక బెక్వెరెల్ తింటే 0.013 మైక్రోసీవర్ట్, దాన్ని 75,000తో గుణించండి. రెండు దారులూ ఒకే చోటికి చేరితే లెక్క సరిగా ఉన్నట్టు. ప్రకృతి సిద్ధంగా మనుషులందరికీ అందే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు.

మీ వ్యాసంలో "ముప్ఫై వేల బెక్వెరెల్ విషం" అన్న మాట ఉంది. బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విఘటనం చెందడం. చాలా చిన్న కొలత, అందుకే అంకె ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. రెయిన్‌డీర్ ముఖమే చూడని మనిషి ఒంట్లో కూడా సహజ పొటాషియం-40 నాలుగు వేల బెక్వెరెల్ దాకా ఉంటుంది. దీన్నిబట్టి ముప్ఫై వేలు లెక్కలోకి రానిదని మేం అనడం లేదు. అది ఏడాదికి ఒక అదనపు మిల్లీసీవర్ట్, ఆ సంగతి ఆ యూనిట్‌లోనే చెప్పాలి అంటున్నాం.

ఇప్పుడు అసలు ప్రశ్న, క్యాన్సర్. స్వీడన్‌లో రెయిన్‌డీర్ మేపే కుటుంబాలకు చెందిన 2,034 మంది సామీలను 1961 నుంచి 1984 దాకా జాతీయ క్యాన్సర్ రిజిస్టర్‌తో సరిపోల్చిన అధ్యయనం 1990లో వెలువడింది. దేశ సగటు ప్రకారం వాళ్లలో 163 క్యాన్సర్లు రావాలి. వచ్చినవి 100. పెద్దపేగు, ఊపిరితిత్తులు, రొమ్ము, మూత్రపిండాలు, పురుష జననాంగాల క్యాన్సర్లు, లింఫోమాలు (లింఫు గ్రంథుల క్యాన్సర్లు) తక్కువగా ఉన్నాయి. గణాంకపరంగా ఎక్కువగా తేలింది జీర్ణాశయ క్యాన్సర్ ఒక్కటే. రేడియేషన్‌కు ముందుగా లొంగే అవయవాల్లో పెరుగుదల కనబడలేదు. ఫిన్లాండ్‌లో 1979 నుంచి 1998 దాకా ఉత్తర ప్రాంత సామీలను చూసిన అధ్యయనంలో సుమారు 209 క్యాన్సర్లు రావాల్సిన చోట 129 వచ్చాయి. నార్వే ఉత్తర ప్రాంత అధ్యయనం కూడా ఇదే దిశలో ఉంది.

జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువన్న ఒక్క ముక్కను పట్టుకుని "చూశారా" అనడం తేలిక. కాని సీజియం కండరాలన్నిటా పరుచుకుని ఒళ్లంతటికీ దాదాపు సమానంగా మోతాదు ఇస్తుంది. దాని పనే అయితే ఎముక మజ్జలోనూ రొమ్ములోనూ జాడ కనబడాలి. రొమ్ము క్యాన్సర్ అక్కడ తక్కువగా ఉంది. ఉప్పులో ఊరేసినవి, పొగబెట్టినవి ఎక్కువగా తినడం, జీర్ణాశయంలో హెలికోబ్యాక్టర్ సూక్ష్మజీవి ఉండడం, ఈ రెండూ జీర్ణాశయ క్యాన్సర్‌కు ప్రపంచమంతటా తెలిసిన కారణాలు. ముందు వాటిని చూడాలి.

మరి రేడియేషన్ ఏమీ చేయలేదా? ఇక్కడే మీ వ్యాసానికి ఎదురు పక్షం వాళ్లు కూడా తప్పులో కాలేస్తారు. మళ్లీ లెక్క. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ వాడే అంచనా ప్రకారం ఒక సీవర్ట్ మోతాదుకు మనిషి జీవితకాలంలో ప్రాణాంతక క్యాన్సర్ ముప్పు సుమారు 5 శాతం పెరుగుతుంది. ఆ 2,034 మందిలో ప్రతి ఒక్కరికీ ఏటా 1.5 మిల్లీసీవర్ట్ చొప్పున 20 ఏళ్లు అందిందని, కావాలనే పెద్ద చేయి వేసుకుని, అనుకుందాం. మనిషికి 30 మిల్లీసీవర్ట్‌లు. అందరిదీ కలిపితే 61 సీవర్ట్‌లు, అందులో 5 శాతం అంటే మూడు మరణాలు. అవి కూడా వాళ్లందరి జీవితకాలాల మీద పరుచుకుని, చాలావరకు 1984 తర్వాతే బయటపడతాయి. 163 రావాల్సిన చోట ఏ కారణమూ లేకుండానే, కేవలం యాదృచ్ఛికంగా, పాతిక అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటలో మూడింటిని ఏ గణాంక శాస్త్రవేత్తా పట్టుకోలేడు. అధ్యయనం చేసినవాళ్లు చేతగానివాళ్లు కారు, జనాభా అంత చిన్నది. కాబట్టి "ముప్పు లేదని తేలింది" అనడం కూడా తప్పే. తేలింది ఏమిటంటే, ముప్పు ఉంటే అది ఈ తూకానికి అందనంత చిన్నది. పెద్దది అయ్యుంటే, మీ వ్యాసం చెప్పినంత అయ్యుంటే, తప్పక కనబడేది.

మరో పొరపాటు తరచూ జరుగుతుంది, మీ వ్యాసంలోనూ జరిగింది. చెర్నోబిల్ గురించి మాట్లాడుతూ ఈ స్వీడన్ అధ్యయనాన్ని ఉటంకించడం. అది 1984తో ముగిసింది. రియాక్టరు పేలింది 1986లో.

చెర్నోబిల్ తర్వాతి క్యాన్సర్ల గురించి ఎక్కువగా వినబడేది ఉత్తర స్వీడన్ జనాభా మొత్తం మీద, 11 లక్షల మందికి పైగా మీద, 2004లో వచ్చిన అధ్యయనం. 1988 నుంచి 1996 దాకా వచ్చిన 22 వేలకు పైగా క్యాన్సర్లలో 849 అణుధూళి వల్ల కావచ్చని అందులో అంచనా. అది సామీల మీద చేసింది కాదు. ఘన కణుతులు రేడియేషన్ తర్వాత సాధారణంగా పదేళ్లకు గాని పైకి రావు, ఈ అధ్యయనం చూసిన కాలం ఎక్కువభాగం ఆ లోపలిదే. మోతాదుకు ఆ సంఖ్య మరీ ఎక్కువన్న విమర్శలూ వచ్చాయి. శీర్షిక చివర రచయితలే ప్రశ్నార్థకం పెట్టుకున్నారు. దాన్ని తిరిగి చెప్పే పత్రికల్లో ఆ ప్రశ్నార్థకం మాయమవుతుంది.

ఇంకోవైపు, "సామీలకు క్యాన్సర్ తక్కువ, కాబట్టి కాస్త రేడియేషన్ ఒంటికి మంచిది" అనే వాదన అణుశక్తి సమర్థకుల్లో కొందరు చేస్తారు. ఆ మాట మీ వ్యాసంలో లేదు, కాని ఈ ఉత్తరాన్ని అందుకు వాడుకునేవాళ్లు ఉంటారు కాబట్టి చెప్పాలి. సామీలకూ స్టాక్‌హోం నగరవాసులకూ తేడా ఒక్క సీజియమే కాదు. తిండి, చేపలు, ఒంటి శ్రమ, వంశపారంపర్యం, పిల్లల్ని కనే వయసు, అన్నీ తేడానే. ఫిన్లాండ్ లెక్కల్లో రెయిన్‌డీర్ వృత్తి లేని సామీలు కూడా ఉన్నారు, అయినా మొత్తం మీద క్యాన్సర్లు తక్కువే. స్వీడన్ అధ్యయనంలోని 63 క్యాన్సర్ల తగ్గుదలను సీజియం ఖాతాలో జమ వేయడం, జీర్ణాశయ క్యాన్సర్లను దాని ఖాతాలో ఖర్చు రాయడం, రెండూ ఒకే రకం తప్పు.

ఈ లెక్కలకు పరిమితి ఇంకొకటుంది. స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ రిజిస్టర్లలో జాతి నమోదు ఉండదు. ఎవరు సామీ అన్నది పరిశోధకులు పరోక్షంగా తేల్చుకోవాలి: స్వీడన్‌లో రెయిన్‌డీర్ వృత్తి రికార్డుల నుంచి, నార్వేలో 1970 జనాభా లెక్కల్లో ఉత్తరాది మండలాల్లో అడిగిన ప్రశ్నల నుంచి. ఆ వృత్తిలో ఉన్నది సామీల్లో చిన్న భాగం. స్వీడన్ సామీల్లో ఎక్కువమంది ఆ తొలి అధ్యయనంలో లేనే లేరు. జాతి నమోదు ఎందుకు లేదంటే దానికీ చరిత్ర ఉంది. 1922లో ఉప్సాలాలో స్వీడన్ ప్రభుత్వమే జాతి జీవశాస్త్ర సంస్థను పెట్టి, సామీల పుర్రెలు కొలిపించి, బట్టలు విప్పించి ఫొటోలు తీయించింది. నలభై ఏళ్లు తిరక్కుండానే ఇంకో రకం శాస్త్రవేత్తలు వచ్చి సీజియం కొలుస్తాం, ఈ కుర్చీలో కూర్చోండి అన్నారు. కూర్చున్నారు. స్వీడన్, ఫిన్లాండ్, నార్వేల్లో ఆ కొలతలు వరుసగా దశాబ్దాలు సాగాయంటే ఆ సహకారం చిన్నది కాదు. (మీ వ్యాసంలో రెండుచోట్ల "లాప్" అని పడింది. అది బయటివాళ్లు పెట్టిన పేరు, సామీలు దాన్ని కించపరిచే మాటగానే చూస్తారు. పాత పరిశోధన పత్రాల్లో ఉన్నా ఇప్పుడు వాడకూడదు.)

క్యాన్సర్ కనబడనంత మాత్రాన నష్టం జరగలేదని కాదు. జరిగిన నష్టాన్ని మీ వ్యాసం దాదాపు వదిలేసింది. మా అసలు ఫిర్యాదు ఇదే.

1986 మేలో స్వీడన్ ఆహార పదార్థాలన్నిటికీ కిలోకు 300 బెక్వెరెల్ పరిమితి పెట్టింది. ఆ శరదృతువులో, చలికాలంలో కోసిన రెయిన్‌డీర్‌లలో ఎక్కువ భాగం ఆ పరిమితి దాటాయి. పదివేలు దాటినవీ ఉన్నాయి. మనుషుల తిండిలోకి పొరపాటున కూడా రాకుండా మాంసానికి నీలం రంగు పూసి, కొంత పాతిపెట్టి, కొంత బొచ్చు కోసం మింక్, నక్కలను పెంచే ఫారాలకు మేతగా పంపారు. ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. అయితే పరిహారం కిలోల లెక్కన వస్తుంది. రెయిన్‌డీర్‌లో మాంసంతోపాటు నెత్తురు, మూలుగ, నరాలు, కొమ్ము, తోలు, అన్నీ పనికొస్తాయి, ఒక్కోదాన్ని పదును చేసే పని పిల్లలు పెద్దల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. నీలం రంగు పూసిన కళేబరం దగ్గర నేర్చుకునేది ఏమీ ఉండదు.

1987లో స్వీడన్ రెయిన్‌డీర్, వేట మాంసం, మంచినీటి చేపలు, అడవి పళ్లు, పుట్టగొడుగులకు పరిమితిని 1,500కు పెంచింది. నార్వే అంతకుముందే, 1986 నవంబరులో, రెయిన్‌డీర్‌కు 600 నుంచి ఏకంగా 6,000కు పెంచింది. 1994లో 3,000కు దించింది. ఈ పెంపు వెనక తర్కం తెలుసుకోదగ్గది. సగటు నార్వే పౌరుడు ఏడాదికి కిలో రెయిన్‌డీర్ మాంసం కూడా తినడు. కిలోకు 6,000 ఉన్నా అతనికి అందేది 0.08 మిల్లీసీవర్ట్‌కు మించదు. పరిమితి పెంచితే సామీల వృత్తి నిలబడుతుంది, కొనేవాడికి నష్టం లేదు. సబబే. కాని అదే మాంసం ఏడాదికి 50 కిలోలు తినే సామీ ఇంటికి ఆ పరిమితి రక్షణ కాదు: 3 లక్షల బెక్వెరెల్, దాదాపు 4 మిల్లీసీవర్ట్‌లు. అందుకే వాళ్లకు వేరే సలహా ఇచ్చారు: ఏడాది మొత్తానికి 80,000 బెక్వెరెల్ దాటవద్దు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రెండేళ్లలోపు పిల్లలు 40,000 దాటవద్దు. 80,000ను 6,000తో భాగించండి. పదమూడు కిలోలు. సంతలో అమ్మడానికి పనికొచ్చే మాంసం సొంత ఇంట్లో పదమూడు కిలోల తర్వాత పనికిరాకుండా పోయింది. ఈ ఒక్క భాగహారం మీ వ్యాసంలో ఉండి ఉంటే అందులోని విశేషణాలు చాలావరకు అవసరమయ్యేవి కావు.

తర్వాత వాళ్లు ఏం చేశారన్నది కూడా వ్యాసంలో లేదు. చదివితే సామీలు చేతులు ముడుచుకుని కూర్చున్నట్టు ఉంది.

మొదటి ఉపాయం కోత కాలం మార్చడం. లైకెన్ మేత మొదలుకాక ముందే, వేసవి మేత మీద ఉండగానే కోస్తే సగం సమస్య పోతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కాని జంతువులు చలికాలానికి ముందు పూర్తి బరువుకు రావు, అలవాటైన కాలంలో జరిగే మందల ఏరివేత పనులన్నీ తలకిందులవుతాయి. రెండోది శుభ్రమైన మేత. మూడు వారాలకు సగం అన్న లెక్కన కిలోకు 6,000 ఉన్న జంతువు ఆరు వారాల్లో 1,500కు, 10,000 ఉన్నది తొమ్మిది వారాల్లో 1,250కి దిగుతుంది. కాగితం మీద అంతే. వాస్తవంలో లైకెన్‌కు అలవాటైన రెయిన్‌డీర్ కడుపుకు ఒక్కసారిగా దాణా పడదు. మొదటి రెండు వారాలు మెల్లగా మార్చకపోతే కడుపులోని మొదటి అర పుల్లబారి జంతువు చిక్కి చస్తుంది. ఇరుకు దొడ్లలో కంటి జబ్బులు, పరాన్నజీవులు మందంతటికీ పాకుతాయి. కొండల మీద స్వేచ్ఛగా తిరిగే పశువును వారాల తరబడి దొడ్లో కట్టి మేపడం ఆ వృత్తి స్వభావానికే విరుద్ధం.

మూడోది ప్రష్యన్ బ్లూ అనే నీలి లవణం. (నీలం మళ్లీ వచ్చింది, ఈసారి మేలు చేయడానికి.) ఇది పేగులోంచి రక్తంలోకి పోదు. పేగులోనే సీజియాన్ని పట్టుకుని పేడతో బయటికి తీసుకుపోతుంది. సీజియం రక్తంలోంచి పేగులోకి వచ్చి మళ్లీ లోపలికి పీల్చబడుతూ ఉంటుంది కాబట్టి, కొత్తగా తిన్నదాన్ని ఆపడంతోపాటు ఒంట్లో ఉన్నదాన్ని కూడా ఇది తగ్గిస్తుంది. దాణాలో కలిపారు, నాకే ఉప్పు దిమ్మల్లో కలిపారు, కడుపులో ఉండి మెల్లగా కరిగే గుళికలుగా మింగించారు. ఉప్పు దిమ్మతో చిక్కేమిటంటే ఏ జంతువు ఎంత నాకిందో తెలియదు. గుళిక నమ్మకమైనది, కాని ఒక్కో జంతువునూ పట్టుకోవాలి.

ఏది పనిచేసిందో తేల్చేది బతికున్న జంతువు మీద కొలత. సోడియం అయొడైడ్ డిటెక్టర్‌ను (రేడియేషన్‌ను పసిగట్టే పరికరం) తొడ కండరానికి ఆనించి కొద్దిసేపు పట్టుకుంటే కిలోకు ఎన్ని బెక్వెరెల్‌లో తెలుస్తుంది. పరిమితి దాటినదాన్ని గుర్తుపెట్టి మేతకు పంపుతారు, దాటనిదాన్ని కోతకు. తేలికగా కనిపించే ఈ పనిలో తప్పులకు కొదవ లేదు. నేలలో ఉన్న ధూళి కూడా డిటెక్టర్‌లో లెక్కకొస్తుంది, కాబట్టి ఆ దొడ్లోనే, జంతువులు దూరంగా ఉండగా, నేపథ్యం కొలిచి తీసేయాలి. డిటెక్టర్ లెక్కను బెక్వెరెల్‌లుగా మార్చడానికి దూడకూ పోతుకూ ఒకే గుణకం వాడితే అంకె తప్పుతుంది. బొచ్చుకు అంటిన బురద లెక్క పెంచుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒకే మందలో పక్కపక్క జంతువుల మధ్య రెండు మూడు రెట్ల తేడా మామూలే. నాలుగు జంతువులు కొలిచి మందంతటికీ తీర్పు చెప్పకూడదు.

వంటింట్లో ఇచ్చిన సలహా ఉప్పునీటిలో ఊరబెట్టడం, ముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోయడం. సీజియం నీటిలో కరుగుతుంది కాబట్టి సగానికి పైగా పులుసులోకి దిగుతుంది, సలహా శాస్త్రీయంగా సరైనదే. కాని ఆ పులుసే సామీల విందు వంటకం బిదోస్‌కు ప్రాణం. ఎండబెట్టడం, పొగబెట్టడం మాత్రం సీజియాన్ని తగ్గించవు. నీరు పోయి బరువు తగ్గుతుంది కాబట్టి కిలోకు అంకె కొన్ని రెట్లు పెరుగుతుంది. పచ్చి మాంసానికి పెట్టిన పరిమితితో ఎండు మాంసాన్ని పోల్చి భయపడినవాళ్లూ ఉన్నారు, ఆ భయాన్ని అచ్చువేసిన పత్రికలూ ఉన్నాయి. ఏడాదిలో తినే ఎండు మాంసం బరువు కూడా తక్కువే ఉంటుందని గుర్తుంటే చాలు.

మనుషులు తెచ్చిన ధూళి ఇదంతా. దానికి ముందూ రెయిన్‌డీర్ మాంసం రేడియోధార్మికత లేనిది కాదు. గాలిలోని రేడాన్ వాయువు విఘటనం చెందగా పుట్టే సీసం-210, పొలోనియం-210 కూడా లైకెన్ మీదే దిగుతాయి. పొలోనియం ఒక బెక్వెరెల్ తింటే సీజియం-137 కన్నా 90 రెట్లకు పైగా మోతాదు ఇస్తుంది. కిలోకు పది బెక్వెరెల్ చొప్పున 50 కిలోల మాంసంలో 500 బెక్వెరెల్, దాని మోతాదు 0.6 మిల్లీసీవర్ట్. ఇది తరతరాలుగా ఉన్నదే. అలాగని మనుషులు తెచ్చిపెట్టిన మోతాదును క్షమించనక్కర్లేదు. సామీల రేడియేషన్ చరిత్ర 1955తో మొదలు కాలేదని చెప్పడానికే ఈ అంకె.

ఆరోగ్యం సంగతే రాయాలనుకుంటే, స్వీడన్‌లో రెయిన్‌డీర్ మేపే మగవాళ్లలో ప్రమాద మరణాలు ఎక్కువని పరిశోధకులు రాశారు: స్నోమొబైళ్లు, మంచు విరిగే సరస్సులు, ఒంటరిగా చేసే పని. మీ వ్యాసంలో ఆ సంగతికి ఒక్క వాక్యం లేదు.

చివరగా మూడు సవరణలు అచ్చువేయవలసిందిగా కోరుతున్నాం. కౌటొకైనోలో 1960ల నాటి సీజియం బాంబు పరీక్షలది, చెర్నోబిల్‌ది కాదు. 1961-84 అధ్యయనంలో వచ్చిన క్యాన్సర్లు 100, రావాల్సినవి 163. మీరు వేసిన పట్టికలో ఈ రెండు అంకెలూ తారుమారయ్యాయి, వ్యాసం శీర్షిక ఆ తారుమారు మీదే పుట్టినట్టుంది. మూడోది ఫొటో కింది వాక్యం: ఆ మాంసానికి నీలం రంగు రేడియేషన్ వల్ల వచ్చింది కాదు, ఎవరూ తినకుండా కబేళాలో పూసింది.

ఇట్లు,
రేడియేషన్ రక్షణ రంగంలో పనిచేస్తున్న ఇద్దరు పాఠకులు